నవాహో నాయకురాలు ఆనీ వానెకా



నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి తెలుగు పాఠములు చెప్పినవాడను. బాల్యమున ఒక పండితునియొద్ద అమరమును, రఘువంశమును చదివితిని. ఇట్టివాడు అమెరికా దేశమునందలి యొక ఆదిమజాతి స్త్రీనిగూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా దోపవచ్చును. ఆమె పొందిన బిరుదములను జూచి నేనీ పనికి బూనలేదు. క్షయరోగమునుండి తనవారిని కాపాడదలచిన యా స్త్రీకి మందుకంటె ముందుగా ఒక మాట కావలసివచ్చెను. ఆ మాటను వెదకుటకై ఆమె పడిన శ్రమ నన్నాకర్షించినది. అర్థము దెలియని పదమునకై నిఘంటువులు దిరుగవేయుచు జీవితము గడపినవాడను గదా!

ఆమె పేరు ఆనీ డాడ్జ్ వానెకా. 1910వ సంవత్సరము ఏప్రిలు మాసమున జన్మించి, 1997వ సంవత్సరము నవంబరులో గతించెను. ఆమె నవాహో జాతికి జెందినది. నవాహో యనునది పరులు పెట్టిన పేరు. వారు తమ భాషలో తమ్ము ‘దినే’ యని చెప్పుకొందురు. ఆ మాటకు జనులు అనియే యర్థము. కొలంబసు దారితప్పి వేఱొక ఖండమును జేరి, అది మన దేశమే యనుకొనుటవలన అచటివారందఱును ఇండియనులైరి. మన పాఠ్యపుస్తకములు దానికొక రంగును గూడ జేర్చి ‘ఎఱ్ఱ యిండియనులు’ అని వ్రాసెను. నేనును ఆ పాఠమును పిల్లలచేత వల్లెవేయించితిని. వేఱువేఱు భాషలును, ఆచారములునుగల అయిదువందలకు మించిన జాతులను ఒక్క పేరున గట్టివేయుట సరికాదని అప్పుడు నాకు దోపలేదు.

నవాహోల దేశము అరిజోనా, న్యూ మెక్సికో, యూటా అను మూడు రాష్ట్రముల సరిహద్దులపై వ్యాపించియున్నది. వైశాల్యము ఇంచుమించు 27,000 చదరపు మైళ్లు. అది యెత్తైన పీఠభూమి. ఎఱ్ఱని రాతికొండలు, లోతైన లోయలు, తుప్పలు, ఇసుక. వాన మిక్కిలి తక్కువ. నాలుగు దిక్కుల నాలుగు పవిత్ర పర్వతములున్నవి. వాని నడుమనున్న నేలయే తమకు దేవతలిచ్చిన నేలయని వారి విశ్వాసము. మొక్కజొన్న పండింతురు, గొఱ్ఱెల గాతురు, ఉన్నితో కంబళ్లు నేయుదురు. దూలములమీద మన్ను గప్పి కట్టిన గుండ్రని గృహములను ‘హోగన్’ అందురు. ప్రతి హోగనుకును ద్వారము తూర్పుననే యుండవలెను. ఉదయించు సూర్యునికి ఎదురుగా తలుపు దీయుట వారికి నిత్యకర్మము.

అచటి మనుష్యుడు క్రొత్తవారికి తన్ను దెలుపుకొనునపుడు పేరుతో సరిపెట్టుకొనడు. తల్లి వంశమును, తండ్రి వంశమును, మాతామహుని వంశమును, పితామహుని వంశమును వరుసగా జెప్పును. ఉపనయనమైన వటువు చెవులు పట్టుకొని ఋషుల పేళ్లతో ప్రవర చెప్పి వంగుట చూచిన మనకు ఇది సుబోధము. ఒకే వంశమువారు పెండ్లాడరాదు. సగోత్రవివాహము మనకెట్లో అదియును వారికట్లే. భేదమొక్కటి గలదు. మనకు గోత్రము తండ్రినుండి వచ్చును. వారికి వంశము తల్లినుండి వచ్చును. పెండ్లియైన పురుషుడు భార్య పుట్టింటి చెంతకు కాపురమునకు బోవుట పూర్వాచారము. హోగనును, గొఱ్ఱెలును సాధారణముగా స్త్రీ సొత్తు. ఇల్లరికపుటల్లుని నవ్వులపాలు చేయు మన సామెతలు అచట పుట్టుటకు వీలు లేదు!

వారి పురాణములలో ముఖ్యదేవత యొక స్త్రీ. ఋతువులతోబాటు ముసలిదై, మరల పడుచుదగుచుండు ఆ తల్లి తన శరీరమునుండియే మొదటి నాలుగు వంశములను సృజించెనట. ఆడపిల్ల పెద్దమనిషియైనప్పుడు ఆ దేవత పేర నాలుగుదినముల పండుగ చేయుదురు. మన యిండ్లలో అట్టి పిల్లను చాపవేసి మూల గూర్చుండబెట్టుట మీరెఱుగుదురు. నవాహోలు పిల్లను వేకువనే తూర్పుమొగముగా పరుగెత్తింతురు. దినదినము మునుపటికంటె దూరము పరుగెత్తవలెను. గుంటలో నిప్పు పెట్టి రాత్రియెల్ల కాల్చిన పెద్ద మొక్కజొన్న రొట్టెను పిల్ల తన చేతులతో బంధువులకు పంచిపెట్టవలెను. రెండాచారములలో ఏది మేలో తల్లులే చెప్పవలెను.

ఇట్టి జాతిలో స్త్రీ నాయకురాలగుటలో విశేషమేమని మీరడుగవచ్చును. ఇంటను మందలోను పెత్తనము స్త్రీదే యైనను, పరప్రభుత్వముతో మాటలాడు సభలలోనికి పురుషులే పోవుచుండిరి. 1923లో అమెరికా ప్రభుత్వపు పూనికతో ఏర్పడిన నవాహో సభలో మొదట నున్నవారందఱును పురుషులే.

ఆ సభకు మొదటి యధ్యక్షుడు ఆనీ తండ్రియైన హెన్రీ చీ డాడ్జ్. ఆయన కథ తెలియనిదే కుమార్తె కథ తెలియదు. 1864లో అమెరికా సైన్యము నవాహోల పంటలను గాల్చి, పండ్లతోటలను నఱకి, ఆకలిచే లొంగదీసి, వేలకొలది జనులను మూడువందల మైళ్లకు పైగా నడిపించి, ఫోర్టు సమ్నర్ అనుచోట నిర్బంధించెను. నడువలేనివారు దారిలోనే రాలిపోయిరి. నాలుగేండ్లు అచటి ఉప్పునీళ్లు త్రాగి, పురుగుపట్టిన పిండి తిని, మిగిలినవారు 1868 జూన్ 1వ తేదీని సంధిపత్రముపై గుర్తులు పెట్టి స్వదేశమునకు మరలిరి. చీ డాడ్జ్ ఆ ప్రవాసము ననుభవించిన పసివాడు. పిదప ఇంగ్లీషు నేర్చి, ప్రభుత్వమునకును తనవారికిని నడుమ దుబాసీయై, క్రమముగా జాతికి పెద్దయయ్యెను. రెండు భాషలు తెలిసిన మనుష్యుడొక్కడు లేకున్న ఒక జాతి యెట్లు మోసపోవునో ఆయన కన్నులార జూచినవాడు.

ఆ సంధిపత్రమున విద్యనుగూర్చి యొక షరతు గలదు. నవాహోలు ఆఱేండ్లు మొదలు పదునాఱేండ్లవఱకు తమ పిల్లలను బడికి బంపవలెను. ముప్పదిమంది పిల్లలకొక ఉపాధ్యాయుని, ఒక పాఠశాలను ప్రభుత్వమీయవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికిని సగమునకు పైగా పిల్లలకు బడియే లేదు. ఉన్న బడులెట్టివో ఇక వినుడు.

చీ డాడ్జ్ సంపన్నుడు. పెద్ద యిల్లు, వేల గొఱ్ఱెలు గలవాడు. ఐనను ఆనీ చిన్ననాడు వేకువనే లేచి మంద వెంట బోయిన పిల్లయే. 1918లో, ఎనిమిదవయేట, ఆమెను ఫోర్టు డిఫయన్సు అనుచోటనున్న ప్రభుత్వ వసతిపాఠశాలలో జేర్చిరి. ఆ సంవత్సరము విషజ్వరమేర్పడి లోకమెల్ల అల్లకల్లోలమైనది. మన దేశముననే కోటిమందికి పైగా చచ్చిరి. ఆ బడిలో పిల్లలు వరుసగా పడకల బట్టిరి. ఆనీకి జ్వరము తేలికగా వచ్చి పోయెను. లేచి తిరుగగలిగినవారు కొలదిమంది. పిల్లలను జూచు నర్సు ఒక్కతె. ఎనిమిదేండ్ల యీ పిల్ల కిరసనాయిలు లాంతర్లను తుడిచి వెలిగించుచు, లేవలేని పిల్లలకు చెంచాతో గంజివంటిది పోయుచు, నర్సుకు తోడై తిరిగెను. శవములను బండ్లపై వేసి తీసికొనిపోవుట చూచెను. చచ్చిన మనుష్యుని తాకుట, చావు జరిగినచోట నిలుచుట నవాహోలకు మహాభయము. ఆ భయమును ఆమె ఎనిమిదవయేటనే దాటవలసివచ్చెను.

ఆ వసతిపాఠశాలలలో పిల్లల జుట్టు కత్తిరించి, ఒకే విధమగు దుస్తులు తొడిగి, సిపాయిలవలె బారులు తీర్చి నడిపించుచుండిరి. నవాహో భాష మాటలాడిన శిక్ష. కొన్నిచోట్ల సబ్బుతో నోరు కడిగిరని పెద్దలు చెప్పుకొనిరి. చిత్రమేమనగా, 1942 మొదలుకొని పసిఫిక్ యుద్ధములో అమెరికా సైన్యమునకు రహస్యవార్తలు పంపుటకై అక్కఱకు వచ్చినది ఆ భాషయే. జపానువారు దానిని తుదివఱకును భేదింపలేకపోయిరి. కడిగివేయవలెనని చూచిన మాటలే కావలివాండ్రయ్యెను.

వారిని నిందించుటకు నాకెంతమాత్రము హక్కు గలదో చెప్పెదను. నేను పనిచేసిన యొక గ్రామమునకు సమీపమున లంబాడీ తండా యుండెను. అచటినుండి వచ్చు పిల్లలు తరగతిలో తమ భాషలో మాటలాడుకొనినయెడల నేను బెంచీ యెక్కించి నిలువబెట్టువాడను. శుద్ధమైన తెలుగు అలవడుటకు అదియే మార్గమని నా గట్టి నమ్మకము. అందొక బాలిక మిక్కిలి చురుకైనది. పద్యము ఒకసారి విన్న అప్పగించునది. అది బడి మానివేసెను. నేను తండాకు బోయి తల్లినడిగితిని. ఆమె చేతులు త్రిప్పుచు తన భాషలో చాలసేపు చెప్పెను. నాకొక్క ముక్కయు తెలియలేదు. తెలుగున జెప్పగలది ఆ యింట ఆ బాలిక యొక్కతెయే. అది తలవంచుకొని నిలిచినదేగాని నోరు విప్పలేదు. ఆ తల్లి యేమి చెప్పెనో నాకు నేటికిని దెలియదు.

ఆనీ పిమ్మట ఆల్బుకర్కీ నగరమునందలి పాఠశాలలో పదునొకండవ తరగతివఱకు చదివి, 1929లో తన సహాధ్యాయియైన జార్జి వానెకాను వివాహమాడెను. పెద్దకుటుంబము. ఆమె ఊరూర దిరుగుచున్న కాలమున ఇల్లును, పసులను భర్తయే చూచుకొనుచుండెను. క్లాగెటో అను పల్లె ప్రాంతమున తండ్రి పసులమందల వ్యవహారము వీరి చేతిలోనుండెను. తండ్రి సభలకు బోవునపుడు ఆమెయు వెంట బోవుచుండెను. సభలో పెద్దలు వినుట, ప్రశ్నలడుగుట, అధికారి చెప్పినదొకటియు జనులు గ్రహించినదొకటియు నగుట చూచుచు ఆమె తన రెండవ చదువు చదివెను. మొదటి చదువుకంటె ఇదియే ఆమెకు మిక్కిలి యుపయోగపడినదని నా యభిప్రాయము.

అప్పుడే, 1930 తరువాత, ఒక పెద్ద విపత్తు వచ్చెను. మేత మితిమీఱి నేల కోసుకొనిపోవుచున్నదనియు, ఆ ఒండ్రు క్రొత్తగా కట్టుచున్న హూవర్ ఆనకట్టను పూడ్చివేయుననియు ప్రభుత్వము మందలను తగ్గింప నాజ్ఞాపించెను. నేల కోత నిజమే. కాని అధికారులు మేకలను, గొఱ్ఱెలను కొని, తోలుకొనిపోవుటకు వీలులేనిచోట్ల లోయలలోనే కాల్చి, కుళ్లనిచ్చిరి. ఆ మందలు స్త్రీల యాస్తి. వారి నెవ్వరును అడుగలేదు. ప్రభుత్వపు మాటయన్న నవాహో స్త్రీకి ఆనాటినుండి పాము బుస విన్నట్లయ్యెను. ఇరువదియేండ్ల తరువాత ప్రభుత్వ వైద్యుడు వచ్చి, నీ బిడ్డను మా యాస్పత్రికి బంపుమన్నపుడు ఆమె ఏల నమ్మవలెను?

చీ డాడ్జ్ 1947లో గతించెను. తాను పట్టిన పగ్గమును నేల జాఱనీయవలదని చివరి దినములలో బిడ్డలతో జెప్పెనని చెప్పుదురు. ఆ పగ్గమును అందుకొన్నది కుమార్తె. 1951లో క్లాగెటో, వైడ్ రూయిన్సు పల్లెల పక్షమున ఆనీ నవాహో సభకు ఎన్నికయయ్యెను. సభ్యులు డెబ్బదినలుగురు. ఆమెయే మొదటి స్త్రీ సభ్యురాలని కొందఱు వ్రాయుదురు, అది సరికాదు. ఆమెకు ముందే లిల్లీ నీల్ అను స్త్రీ సభలో నుండెను. ఆనీ మాత్రము 1978 వఱకు ఆ స్థానమున నిలిచెను.

సభలో జేరగానే ఆరోగ్యవిషయములను, అందును క్షయను, ఆమెకు అప్పగించిరి. ఆ కాలమున నవాహోలలో క్షయమరణములు తక్కిన అమెరికనులలోకంటె ఎన్నో రెట్లెక్కువగా నుండెను. ఆమె వెంటనే ఉపన్యాసములకు బయలుదేఱలేదు. తనకే తెలియనిది పరులకెట్లు చెప్పుదునని నెలల తరబడి ఆస్పత్రి వైద్యులయొద్ద ఆ రోగమును చదివెను. కఫమును సూక్ష్మదర్శినిలో జూచెను, ఎక్స్‌రే ఛాయలను చదువ నేర్చెను. అటుపిమ్మట తనవారికి దీనిని తన భాషలో జెప్పబోయి, మాట లేదని గ్రహించెను.

ఇది నా ప్రసంగమునకు ముఖ్యస్థానము. కొంచెము నిలిచి చెప్పెదను.

క్షయకు నవాహో భాషలో పేరు లేకపోలేదు. ఆ పేరునకు ‘ఎద క్రమముగా లేకపోవుట’ అని యించుమించు అర్థము. మన పదమును విడదీసి చూడుడు. ‘క్షి’ ధాతువునకు తరిగిపోవుట యని యర్థము. రోహిణిపై మక్కువచే తక్కిన భార్యలను ఉపేక్షించిన చంద్రుడు మామయైన దక్షుని శాపముచే రాజయక్ష్మమునుబొంది కళకళగా తరిగిపోయెనని మన పురాణకథ. సముద్రములకావల, మనలనెఱుగని జాతి అదే రోగమును జూచి అదే మాట గట్టెను. రోగిని ప్రేమతో కనిపెట్టినవారికి ఎచటనైనను కనబడునది ఈ తరుగుటయే కాబోలు.

కాని పేరున్నంత మాత్రమున కారణము తెలియదు. పిడుగుపడిన చెట్టును దాకుటచేత, దాని కట్టెను వాడుటచేత ఈ రోగము వచ్చునని వారి వైద్యులు కొందఱు చెప్పుచుండిరి. మశూచిని అమ్మవారన్న మనము నవ్వరాదు. సూక్ష్మజీవి యను భావమునకు ఆ భాషలో పదము లేదు. దుబాసీ వైద్యుని మాటను తోచినట్లు మార్చి చెప్పును. రోగి విని తలయూపి, ఇంటికి బోయి మఱచును. ఆనీ ‘ఒడలిని దినివేయు పురుగులు’ అను మాటను వాడెను. పురుగనగా గొఱ్ఱెలకాపరి యెఱుగును. కంబళిని దినునది, మక్కకంకిని దినునది ఆతడెఱుగును. కంటికి గనబడని పురుగొకటి ఉమ్మిలో నుండి, మట్టినేలపై బడి, దోగాడు బిడ్డ చేతికంటి నోటికెక్కునని చెప్పిన తల్లి వెంటనే నేలవంక జూచును. ఆ చూపునకై ఆనీ వెదకినది ఆ మాట.

ఈ పని ఒక్క పదముతో ముగియలేదు. ఎక్స్‌రే యననేమి, మత్తుమందన నేమి, రక్తపరీక్ష యేల, ఇట్టి వానికెల్ల నవాహో మాటలు గూర్చి ఇంగ్లీషు–నవాహో వైద్యపదకోశము సిద్ధమగుటకు ఆమె తోడ్పడెను. మన దేశమున పారిభాషిక పదములు గూర్చుటకు పండితులు సంఘములుగా కూడి సంస్కృతధాతువులు వెదకుదురు. నేనును అట్టి పని చేసినవాడనే. నేను గట్టిన మాటలలో నొక్కటియు జనుల నోట వినబడదు. ఆమె మాటలు హోగనులో పుట్టినవి.

వైద్యుడననేల, ఆస్పత్రి యన్ననే నవాహోలకు భయము. మనుష్యుడు చచ్చిన హోగనును విడిచిపెట్టి పోవుట వారి యాచారము. ఎన్నో చావులు జరిగిన యొక్క కప్పుక్రింద పండుకొనుమనుట వారికి శ్మశానమున పండుకొనుమనుటయే. పైగా స్థలము చాలక రోగులను దూరపు రాష్ట్రముల సానటోరియములకు బంపుచుండిరి. మదనపల్లెకడ ఆరోగ్యవరమున రోగిని విడిచి, రైలెక్కి కన్నీటితో మరలిన కుటుంబములు మన ప్రాంతమున నెన్నియో గలవు. ఆ దుఃఖమునకు పరభాషను, పరదేశమును జేర్చి యూహింపుడు. ఇంటివారికి ఉత్తరములు చదువ రాదు. రోగులనేకులు చెప్పకుండ పారిపోయి వచ్చి, దగ్గుతో పిల్లల నడుమ పండుకొనుచుండిరి. ఆనీ ఆ సానటోరియములకు బోయి రోగులను జూచెను, వారి మాటలను ఇండ్లకు దెచ్చెను, ఇండ్ల మాటలను వారికి గొనిపోయెను. పారిపోయినవారిని హోగను హోగనుకు వెదకి నచ్చజెప్పి మరల బంపెను. బాటలేని యిసుకనేలలో మోటారు కూరుకొనిపోవుట, త్రవ్వుకొని ముందుకు బోవుట ఆమెకు నిత్యమయ్యెను.

నవాహో వైద్యులు గాయకులు. రాత్రులకొలది మంత్రగీతములు పాడి, రంగు ఇసుకతో దేవతల చిత్రములు నేలపై దీర్చి, రోగిని వానిమీద గూర్చుండబెట్టుదురు. కొన్ని క్రతువులు తొమ్మిది రాత్రులు నడచును. అన్నిటిని కంఠస్థముగా ధరింపవలెను; మన వేదపాఠకులకు ఆ శ్రమ తెలియును. ఆనీ వారితో వాదించినది, కొన్నిసార్లు పరుషముగనే వాదించినది. కాని వారిని ప్రక్కకు నెట్టి పని సాగదని యెఱిగి, వారికి ఎక్స్‌రే ఛాయలు చూపించి, సూక్ష్మదర్శినిలో వారి కన్నులతోనే పురుగును జూడుమనెను. మనసునకు శాంతి పాటవలన గలుగును, ఊపిరితిత్తిలోని పురుగు మందువలన చచ్చును, రెండును గానిమ్మను ధోరణి క్రమముగా ఏర్పడెను.

కాలమును కలిసివచ్చెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. 1952లో ఐసోనియాజిడ్ అను చవుకయైన మాత్ర క్షయకు పనిచేయునని తేలెను. కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్యులు దానిని తొలినాళ్లలోనే నవాహో రోగులకిచ్చి చూచి, 1956 మొదలు ఆఱేండ్లు మెనీ ఫారమ్సు అను పల్లెలో చికిత్సాలయము నడిపిరి. ఆ 1956లోనే మద్రాసున నెలకొల్పిన క్షయచికిత్సా కేంద్రము, పేదరోగి యింటనుండి మాత్రలు మ్రింగినను సానటోరియమున నున్నంత ఫలితము గలుగునని నిరూపించెను. ఇచటను అచటను చిక్కొక్కటియే: దగ్గు తగ్గగానే రోగి మాత్ర మానును. తగ్గినను ఏల మ్రింగవలెనో వానికి వాని మాటలో జెప్పువారుండవలెను. 1960 నాటికి నవాహోలలో క్షయమరణములు బాగుగా తగ్గెను. మందు లేనిదే ఆమె మాట వ్యర్థము. ఆమె మాట లేనిదే ఆ మందు ఎన్ని యిండ్లలోనికి బోయెడిదో వైద్యులే సందేహించిరి.

ఆమెయు నావలెనే రేడియోలో మాటలాడినదని చెప్పుట మఱచితిని. న్యూ మెక్సికోలోని గాలప్ పట్టణమునుండి ఆమె నవాహో భాషలో ఆరోగ్యప్రసంగములు చేయుచుండెను. నీటిని మూతపెట్టి యుంచుడు, రోగి గిన్నెను వేఱుగా నుంచుడు, హోగనుకు కిటికీ పెట్టుడు, వీలైన చెక్కనేల వేయుడు, ఇట్టి చిన్నమాటలే. చలనచిత్రము గూడ నవాహో భాషలో తీయించిరి.

1963లో అధ్యక్షుడు కెనెడీ, పౌరులకిచ్చు అత్యున్నత స్వాతంత్ర్యపతకమునకు ఆమెను ఎన్నుకొనెను. ఆయన నవంబరు 22న హత్యకు గుఱికాగా, డిసెంబరు 6వ తేదీని క్రొత్త యధ్యక్షుడు జాన్సను దానిని ప్రదానము చేసెను. ఆదిమజాతులవారిలో ఆ పతకమును మొదట బొందినది ఆమెయే. 1948 వఱకు అరిజోనాలో ఆమె జాతివారికి ఓటుహక్కే లేదు. పదునైదేండ్లలో ఈ మార్పు!

ఆమె కోపిష్ఠి. 1968లో సభాసంఘమున ఒక న్యాయవాది నవ్వెను. అది తన్ను హేళనచేయుటయే యని తలచి, మరునాడు ఆమె ఆతని చెంపపై గొట్టెను. ఆతడు పేదల వ్యాజ్యములు చూచు సంస్థవాడు. అతనిని నవాహో ప్రభుత్వము దేశమునుండి వెడలగొట్టగా, న్యాయస్థానము ఆ యుత్తరువు చెల్లదనెను. ఆమెను పొగడువారు కొందఱు ఈ ముచ్చటను నవ్వుచు చెప్పుదురు. నాకది నవ్వుగా దోపదు. ముప్పదియేండ్లు నీ నేలపై పరులు నవ్విన నవ్వులన్నియు ఒక్కని చెంపపై దీర్చుట న్యాయము గాదు. కాని బెత్తము పట్టినవాడను గనుక ఇంతకంటె ననరాదు.

ఆ 1968లోనే నవాహోలు తమ సొంత కళాశాలను స్థాపించుకొనిరి. ఒక ఆదిమజాతి తానే నడపుకొన్న కళాశాలలలో అది మొదటిది; అచట నవాహో భాషయు చరిత్రయు పాఠ్యవిషయములు. అరిజోనా విశ్వవిద్యాలయము ఆనీకి గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. 1984లో నవాహో సభ ఆమెను ‘మా పురాణమాత’ యని గౌరవించెను. వెండి, నీలిరాయి సొమ్ములతో, తన జాతి వేషముతోనే ఆమె ఎల్ల సభలకును బోవుచుండెను. 2023లో రిచెల్ మోంటోయా అను స్త్రీ నవాహో జాతికి ఉపాధ్యక్షురాలయ్యెను. అంతకుముందు ఆ పదవిని స్త్రీ యెవ్వతెయు పొందలేదు.

1986లో నవాహో ప్రభుత్వమే విండో రాక్ పట్టణమున తన రేడియో కేంద్రమును పెట్టుకొనెను. 2020లో కోవిడు ఆ నేలపై విరుచుకొనిపడినప్పుడు నీటికొళాయి లేని యిండ్లు అచట నింకను వేలకొలది యుండెను. చేతులు కడుగుకొనుటకు నీరు బండ్లపై దూరమునుండి తెచ్చుకొనవలెను. ఆ రోగమునకును ఒక మాట కావలసివచ్చెను. ముసలివారికి సులభముగ దెలియునట్లు దానికి వారు ‘పెద్దదగ్గు పందొమ్మిది’ యని పేరు పెట్టిరి.